దొరగారి బండి మువ్వలు

పూర్వం మబ్బుకొండ సీమను ఏలే జగ్గభూపతికి తన గూడుబండి ఎద్దుల మువ్వలు పొరుగుదొర మువ్వలకంటే తీయగా మోగాలని కోరిక పుట్టింది. కొత్తవి కొనడానికి మాత్రం మనసొప్పలేదు. వడ్రంగి కామాచారికి కుండెడు ఆముదం ఇచ్చి, "దీంతోనే బాగుచెయ్యి. మువ్వలు వినపడకపోతే ఊరు విడిచిపో" అన్నాడు.

కామాచారి ఇరుసుకు ఆముదం పట్టించి, వదులైన చీలలు బిగించి, పలకల సందుల్లో పీచు కుక్కాడు. బండి కిర్రుకిర్రులు ఆగిపోయాయి.

సాయంత్రం ఇద్దరూ బండెక్కారు. దొర దారంతా తిడుతూనే ఉన్నాడు. "పీచు కుక్కితే పాటొస్తుందట్రా, దద్దమ్మా! ఏవిరా నా మువ్వలు? రేపే మూట కట్టుకో!"

"బండిలో ఇంకొక్క చప్పుడు మిగిలింది దొరా. అది నా పనిముట్లకు అందదు."

"ఎక్కడుంది?"

"తమరు ఆ మలుపుదాకా పలకకుండా ఉంటే తెలుస్తుంది."

దొర పంతంగా నోరు మూశాడు. పలచని మంచులో ఆవచేల పసుపు తేలుతోంది. ఆ పాత మువ్వలే, దూరాన వాన మొదలైనట్టు, మెల్లగా మోగాయి. దొర కళ్లు అరమూతలు పడ్డాయి. మలుపు వెనకబడింది, కొండా వెనకబడింది. ఆయన పలకలేదు.

ఇంటి ముందు దిగాక గుసగుసగా అన్నాడు. "నువ్వు ఊళ్లోనే ఉండు ఆచారీ. ఆ చప్పుడు మళ్లీ మొదలైతే నాకు చెప్పు."