అనుమతి కాగితం

"మాస్టారూ, దూరవిద్య అసలు చదువేనంటారా?" అని అడిగాడు బాలకోటయ్య. అతను మండలాఫీసులో రికార్డు అసిస్టెంటు. పదకొండేళ్లుగా దస్త్రాల కట్టలు మోస్తున్నాడు. డిగ్రీ లేనిదే పైమెట్టు లేదు. చలమయ్య మాస్టారి దగ్గర పాఠాలు చెప్పించుకుని ఓపెన్ యూనివర్సిటీ అర్హత పరీక్ష గట్టెక్కాడు. తీరా బి.ఎ.లో చేరబోతుంటే, డిగ్రీ పోస్టులో వస్తుందా, పార్సిల్లో వస్తుందా అని ఆఫీసంతా ఒకటే నవ్వు. చేరే గడువు ఇంకా రెండు రోజులుంది. మానేద్దామన్నంత విరక్తితో స్టడీ సెంటరుకు వచ్చాడు.

మాస్టారు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. పన్నెండేళ్లుగా ఈ స్టడీ సెంటర్లో ఆదివారం పాఠాలు చెబుతున్నారు, జ్వరమొచ్చినా నాగా లేదు. అడిగినదానికి సూటిగా బదులిచ్చే అలవాటు మాత్రం ఆయనకు లేదు.

"సువార్తమ్మ అని ఒక అటెండరు ఉండేదయ్యా," అని మొదలుపెట్టారు.

ప్రభుత్వోద్యోగి పై చదువు చదవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సువార్తమ్మ కాగితం రాసుకుని సూపరింటెండెంటు ముందు నిలబడింది. ఆయన పెద్దగా నవ్వి, "దూరవిద్యకి అనుమతెందుకమ్మా? అదేమన్నా చదువా?" అని కాగితం తిరిగి ఇచ్చేశాడు. సెక్షనంతా నవ్వింది. పెద్దాయన మాటే అనుమతి అనుకుంది పిచ్చితల్లి. ఇంటి చాకిరీ, ఆఫీసు చాకిరీ చేసుకుంటూ, మూడేళ్ల డిగ్రీని ఐదేళ్లకు పూర్తి చేసింది.

ప్రమోషన్ల ఫైలు అదే సూపరింటెండెంటు దగ్గరకు వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా చదివినందున ఆమె డిగ్రీని పరిగణించనక్కర్లేదని అదే చేత్తో రాశాడు. తను అన్న మాట అతనికి గుర్తే లేదు. నవ్వుతూ అన్నవి అన్నవాళ్లకు గుర్తుండవు.

సువార్తమ్మ పోట్లాడలేదు. బల్ల మీద టీ పెట్టి ఒక్క మాట అడిగింది.

"అప్పుడు చదువే కాదన్నారు గదా సార్. తప్పు పట్టే వేళకి చదువెట్టా అయింది?"

అటెండరుగానే రిటైరైంది. ఆ మరుసటేడే పోయింది.

బాలకోటయ్య ముందుకు వంగాడు. "ఆ సూపరింటెండెంటు ఏమయ్యాడు మాస్టారూ?"

మాస్టారు బోర్డు తుడిచి, ఒక తెల్లకాగితం తెచ్చి అతని ముందు పెట్టారు.

"ముందు అనుమతికి రాయి. ఎంత నవ్వినా సరే, సంతకం పడేదాకా కదలకు," అన్నారు. "అతనంటావా, ఆదివారాలు ఇంట్లో ఉండలేడు."