ముందు నీ ముంత

పొద్దు వాలితే కోట బయటి కల్లు పాకలో చిన్నాచితకా వ్యాపారులంతా చేరి, ముంతలు పట్టుకుని లోకాభిరామాయణం మాట్లాడుకునేవారు. అక్కడొక ఆచారం ఉంది. ప్రశ్న వేసినవాడే ముందు తన ముంత ఖాళీ చేసి, ముందు తన జవాబు చెప్పాలి.

తనను తిట్టేదెవరో కనిపెట్టాలని కొత్వాలు రణభైరవుడు దువ్వెనలమ్మేవాడి వేషంలో అక్కడికొచ్చాడు.

"రాజుగారి పాలన ఎలా ఉందంటారు?" అని కదిపాడు.

"ముందు నీ ముంత!" అన్నారందరూ.

కొత్వాలు గటగటా తాగేశాడు. వాళ్ల నోళ్లు తెరిపించాలని, "రాజు ఒట్టి మొద్దు" అన్నాడు.

గానుగ సింగన్న తన ముంత దించి, "రాజుగారిదేముంది పాపం! కొత్వాలే దొంగ. గానుగ తిరక్కముందే నూనెకి కుండ పంపిస్తాడు" అన్నాడు.

తెల్లారేసరికి సింగన్నను సభలో నిలబెట్టారు. పక్కనే కొరడాతో కొత్వాలు.

"తాగిన మైకంలో అన్నాను ప్రభూ" అన్నాడు సింగన్న.

"కల్లు కడుపులో పడితే మనసులోని నిజమే బయటికొస్తుంది!" అని గర్జించాడు కొత్వాలు.

"నిజమే. యాభై కొరడా దెబ్బలు" అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ. కానీ వరసలో కొట్టించండి. నాకంటే ముందు తాగి, ముందు చెప్పింది కొత్వాలుగారు. వేషం దువ్వెనలవాడిదే గానీ, గొంతు ఈయనదే, కల్లు పడిందీ ఈయన కడుపులోనే. తమరి గురించి ఏమన్నారో అడగండి."

రాజు కొత్వాలు వైపు తిరిగాడు.

కొత్వాలు కొరడా మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

"కల్లు మాటలు ప్రభూ... వాటినెవరు పట్టించుకుంటారు!"