మూతి పెరగొద్దని ఆకు మానేసిన బూరి

అనగనగా ఒక అడవిలో, నల్లమల లాంటి ఎండు అడవే అనుకోండి, ఒక కొండముచ్చు పిల్ల ఉండేది. బుగ్గలు బూరెల్లా ఉండేవి, అందుకే పేరు బూరి. కొండముచ్చుల గుంపులో పిల్లని అమ్మ ఒక్కతే మోయదు. అత్తలు, పిన్నులు, అక్కలు అందరూ లాక్కుని లాక్కుని ఎత్తుకుంటారు. బూరి కూడా రోజంతా ఎవరో ఒకరి ఒళ్లోనే ఉండేది.

కానీ ఈమధ్య దాన్ని ఎవరూ ఎత్తుకోవట్లేదు. ఎందుకో దానికి అర్థం కాలేదు.

ఒకరోజు నీళ్లు తాగుదామని వాగు మీదికి వంగింది. వంగి కెవ్వుమంది!

"ఓరి నాయనో! ఎవరిదీ మొహం?"

దానిదే! గుండ్రటి మొహం పోయింది. మూతి ముందుకొచ్చేసింది. దవడ కిందికి దిగిపోయింది. ఒక్కటే పరుగు, నేరుగా వాళ్ల తాత జేజినాయన దగ్గరికి.

"జేజినాయనా! నా మొహానికి ఏదో అయిపోయింది!"

జేజినాయన ముదురాకు కసకసా నములుతున్నాడు. "ఏం కాలేదే, పెరుగుతున్నావ్. రా, చూపిస్తా."

బండ సందులో రెండు పాత పుర్రెలున్నాయి. ఒకటి చిన్నది, నిమ్మకాయలా గుండ్రంగా ఉంది. రెండోదానికి మూతి పొడుగు, దవడ పారంత.

"ఈ చిన్నది రాత్రిళ్లు తిరిగే ఆ పెద్దకళ్ల దేవాంగపిల్లిదా?"

"కాదు, రెండూ మనవే. ఒకటి పిల్లది, ఒకటి పెద్దది."

బూరి రెండు పుర్రెల్నీ మార్చి మార్చి చూసింది. ఇదీ అదీ ఒకటేనా!

"పిల్లప్పుడు మెదడు ముందు పెరుగుతుంది, అందుకే తల గుండ్రం," అన్నాడు జేజినాయన. "తర్వాత ఒళ్లు పెరుగుతుంది, దాంతోపాటే దవడ. ముదురాకులు నమలాలి కదా మనం! మన తాతల తాతల్లో దవడ గట్టివాళ్లే ఎండాకాలాలు దాటారు. వాళ్ల పిల్లలమే మనం. దేవాంగపిల్లికేం, పిడికెడు ఒళ్లు, తినేది పురుగులు. దానికెందుకింత దవడ?"

ఇంత చెప్తే బూరి చెవికెక్కింది ఒక్కటే, ఆకులు. "ఆకు నమలడం మానేస్తే మూతి ఆగిపోతుంది!" అనుకుంది. మళ్లీ అందరూ ఎత్తుకుంటారు కదా!

చక్కా వెళ్లి టింగు అనే కోతిని పట్టుకుంది. వాడి బుగ్గల సంచుల్లో ఎప్పుడూ మగ్గిన పండ్లే.

"ఒరేయ్ టింగూ, ఇకనుంచి నీ తిండే నా తిండి."

"నీ పొట్ట ఆకుల పొట్ట కదే పిచ్చిదానా!"

"పెడతావా పెట్టవా?"

పెట్టాడు. మొదటి రోజు అరటిపండ్లు, భలే ఉన్నాయి. రెండో రోజు సీతాఫలాలు, అన్నీ పుల్లటి తేన్పులు. మూడో రోజు పొట్ట డప్పులా బిగుసుకుపోయింది. కింది కొమ్మ మీద కూలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి కేక. "చిరుత! చిరుత!"

గుంపంతా చెట్ల చివరికి ఎగిరిపోయింది. బూరికి కాలు లేవలేదు. చిరుత మాను ఎక్కేస్తోంది. ఇంకో జానెడే!

ధబ్బున మధ్యలో దూకాడు జేజినాయన. నోరు తెరిచాడు. అమ్మో, ఆ నోరు! ఆ దవడ, ఆ కోరలు! బూరి కూడా వణికిపోయింది. చిరుత అదిరిపడి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలోనే పై కొమ్మ మీంచి టింగు బూరి తోక పట్టి పైకి లాగేశాడు. జేజినాయనా ఒక్క గెంతులో పైకొచ్చేశాడు. సన్న కొమ్మల మీదికి రాలేక చిరుత కిందికి దిగి, కాసేపు తిరిగి వెళ్లిపోయింది.

"తప్పయిందే, పండ్లు పెట్టకుండా ఉండాల్సింది," అన్నాడు టింగు ఏడుపు మొహంతో.

పొట్ట తగ్గడానికి వారం పట్టింది. వారం తర్వాత బూరి వాగులో చూసుకుంది. మళ్లీ కెవ్వు! మూతి ఇంకాస్త పెరిగింది!

"ఆకు మానేసినా ఆగలేదా?"

"ఎదిగే ఒళ్లు నిన్ను అడిగి ఎదుగుతుందా?" నవ్వాడు జేజినాయన.

అంతలో పిన్ని వచ్చింది. నిన్ననే పుట్టిన పసిదాన్ని టక్కున బూరి ఒళ్లో పెట్టేసింది. "కాస్త పట్టుకోవే, ఇప్పుడు నువ్వు పెద్దదానివి."

బూరి బిత్తరపోయింది. తననెవరూ ఎత్తుకోకపోవడానికి ఇదా సంగతి! పసిది గుండ్రటి మొహంతో పైకి చూసింది. రెండు చేతులతో బూరి పొడుగు మూతిని గట్టిగా పట్టుకుంది. వదల్లేదు. బూరి మెల్లగా ఒక ముదురాకు తెంపి నమలడం మొదలుపెట్టింది.

నీతి: ఎదిగే ఒళ్లు బతకడానికే మారుతుంది, మొహం నచ్చలేదని దాని తిండి దానికి ఆపొద్దు.