నలభై అయిదు తువ్వాళ్ళు

గానుగవీధి వాళ్ళ తెలివి ఆకాశమంత. అందులో సగం నాంచారమ్మ ఇంట్లోనే ఉండేది. అంత తెలివికి తలుపులు చాలవని కిటికీలు కూడా తెరిచి ఉంచేవారు.

నాంచారమ్మకి డెబ్భై ఏళ్ళు. మోకాళ్ళు రెండూ అత్తాకోడళ్ళు. ఒకటి నడుద్దామంటే ఒకటి కూర్చుందామంటుంది. వాటి మందుకి ఆసుపత్రిదాకా రెండు మైళ్ళు నడవాలి. వీధికి బస్సు వస్తే చాలని ఆవిడ మొక్కని దేవుడు లేడు.

బస్సుల ఆఫీసరు రానే వచ్చాడు.

"ఇరవై ఏళ్ళ తర్వాత మీ ఇంటినుంచి ఎంతమంది ఎక్కుతారో చెప్పండి పెద్దమ్మగారూ. నిరుటికీ ఇప్పటికీ ఎంత పెరిగారో చూసి, ఆ లెక్కనే కట్టండి."

అంతే, కొడుకు చిదంబరం బొగ్గుముక్కతో గోడమీద లెక్కకి దిగాడు. ఈ ఏడే వాళ్ళావిడ మాణిక్యం కవలల్ని కన్నది.

"ఏడాదికి ఇద్దరు. ఇరవై ఏళ్ళకి ఇంకో నలభై మంది."

"నేనొప్పుకోను," అంది మాణిక్యం.

"లెక్క ఒప్పుకోవాలే, నువ్వు కాదు," అంది నాంచారమ్మ.

ఉన్న కవలలు, పెద్దవాళ్ళు ముగ్గురు కలిపి నలభై అయిదు. బస్సులో సీట్లూ అన్నే. ఆఫీసరు తల పట్టుకుని, "రేపు పొద్దున ఒకసారి తిప్పి చూస్తాం. జనం కూర్చుంటే బస్సు మీది. లేకపోతే పక్కవీధిది," అన్నాడు.

"రేపే ఊరంతా కూర్చుంటే మన నలభై మందీ నిలబడాలా అత్తయ్యా?" అంది మాణిక్యం. ఒప్పుకోకపోయినా తల్లి మనసు కదా.

ఇంకేముంది, ఇంట్లో ఉన్నవి ఆరు తువ్వాళ్ళు. దుప్పట్లు చింపారు, గుమ్మం తెర చింపారు, చిదంబరం ఒంటిమీది పంచెలో కూడా సగం చింపారు. మర్నాడు పొద్దున బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి నలభై అయిదూ వేసేశారు.

వీధి జనం ఎక్కారు. ప్రతి సీటుమీదా గుడ్డ ఉంది. ఒకరు ఆపుకున్న సీటు ముట్టుకునే రకాలు కాదు గానుగవీధి వాళ్ళు. ఎక్కినట్టే దిగిపోయారు.

"ఈ తువ్వాళ్ళ వాళ్ళేరీ?" అన్నాడు ఆఫీసరు.

"వస్తున్నారండి," అన్నాడు చిదంబరం.

"ఎప్పుడు?"

"మొదటి ఇద్దరూ వచ్చే ఏడాది."

ఆఫీసరు నీళ్ళు తాగి, "పెద్దమ్మగారూ, మీరొక్కరు కూర్చున్నా చాలు, బస్సు మీకే రాస్తాను," అన్నాడు.

నాంచారమ్మ మూలుగుతూ ఎక్కింది. కిటికీ పక్క సీటులో తన ఆకుపచ్చ తువ్వాలే ఉంది. వంగబోయి ఆగిపోయింది.

"ఇది ఇరవై ఏళ్ళ తర్వాతి నాంచారమ్మది బాబూ. ఆవిడకి తొంభై ఏళ్ళు. అంత ముసలమ్మ సీట్లో నేనెలా కూర్చోను?"

దిగిపోయింది. బస్సు తువ్వాళ్ళతో సహా పక్కవీధికి తిరిగింది. నాంచారమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ ఆసుపత్రికి నడక సాగించింది.

"పోనీలే, పాపం ఆ ముసలావిడైనా సుఖంగా కూర్చుంటుంది," అనుకుంది.