మంచుకొండల్లో గోంగూర

మంగళగిరి నుంచి వెళ్లి హిమాలయాల్లో ఒక బౌద్ధమఠంలో చేరిన పానకాలుకి అన్నీ అలవాటయ్యాయి, నాలుక తప్ప.

అక్కడ శీతాకాలమంతా దారులు మూసుకుపోతాయి. బార్లీ పిండి, బంగాళాదుంపలు, పప్పు. ఆకన్నది కంటికి కనపడదు. వంట చూసే ముసలి భిక్షువు నోర్బుకి ఏటా చలికాలం చిగుళ్లు వాచేవి. ఆ ఏడు ఆయన తిండి మీద ధ్యాసే వదిలేశాడు.

పానకాలు మఠానికి రాకముందు గుంటూరులో ఎల్‌ఈడీ బోర్డులు చేసే దుకాణంలో పనిచేశాడు. వంటింటి పొయ్యిగోడకి ఆనుకుని వెచ్చగా ఉండే చిన్న గది ఒకటుంది. గురువు తెన్పాగారిని అడిగి, ఆ గదిలో సౌరవిద్యుత్తుతో దీపాలు వెలిగించి మొక్కలు పెంచుతానన్నాడు. ఆయన సరేనన్నారు. పానకాలు తన సంచిలోంచి ఊరినుంచి తెచ్చుకున్న ఎర్ర గోంగూర గింజలు తీశాడు.

మొదట ఎర్రదీపాలు మాత్రమే పెట్టాడు. మొక్కలు సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగి వాలిపోయాయి. వాటికి నీలం దీపాలు కలిపాడు. ఈసారి కాడలు గట్టిపడ్డాయి, ఆకు మందంగా వచ్చింది. ఎరుపూ నీలమూ కలిసిన ఆ గులాబీ వెలుగులో ఆకులు నల్లగా కనిపించేవి. బయటికి తెచ్చి చూస్తే నిఖార్సైన గోంగూర.

ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. పులుపు చాలలేదు.

నీలం పెంచాడు. కొన్నాళ్లాగి ఇంకో ఆకు నమిలాడు. కాదు. ఎరుపు తగ్గించాడు. అదీ కాదు. మొక్కలు మోకాలెత్తు దాటినా కోతకి రాలేదంటూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. గోడకి అవతల నోర్బు గంజినీళ్లు తాగి పడుకుంటున్నాడు.

ఒక మధ్యాహ్నం తెన్పాగారు చిన్న కత్తి పట్టుకుని గదిలోకి వచ్చారు. పానకాలు అడ్డంగా నిలబడ్డాడు.

“ఇంకా కుదరలేదు గురువుగారూ. కొంచెం ఆగండి.”

“ఏం కుదరాలి?”

పానకాలు చెప్పలేక చెప్పాడు. వాళ్ల నాయనమ్మ వేసవి పొద్దున వాకిట్లో కాళ్లు చాపుకుని గోంగూర వలిచేదట. వలుస్తుంటేనే పిల్లలందరికీ నోరూరేదట. ఎండుమిరపకాయలు వేయించి, ఆకు మగ్గించి, రోట్లో వేసి నూరి, పచ్చి ఉల్లిపాయ దంచి కలిపేదట. ఆ రోట్లోనే వేడన్నం వేసి, కలిపి తలో ముద్దా పెట్టేదట. ఆవిడ పోయాక ఆ పులుపు ఇంకెక్కడా తగల్లేదన్నాడు. ఇక్కడ దీపం తన చేతిలోనే ఉంది కదా, సరిగ్గా కలిపితే వస్తుందేమోనన్నాడు.

తెన్పాగారు ఆ మాటలన్నీ నేలమీద కూర్చుని విన్నారు. రోలు ఎంత ఉండేదని అడిగారు. నాయనమ్మ పేరు అడిగారు. నాంచారమ్మ అని చెప్పాడు పానకాలు.

అప్పుడు ఆయన లేచి, మొక్కల కొమ్మలన్నీ ఒక్కటొక్కటిగా కోసి, పానకాలు చేతుల్లో పెట్టారు.

“వండు,” అన్నారు.

మఠంలో రోలు లేదు. టీ ఆకు దంచే రాతిగిన్నెలోనే నూరాడు. మిరపకాయలు ఇంటినుంచి తెచ్చుకున్నవే, అడుగున మిగిలినవి. పచ్చిఉల్లి లేక ఎండబెట్టిన అడవి ఉల్లికాడలు నలిపి వేశాడు. వేడన్నానికి బదులు బార్లీ ముద్దలు.

అందరూ వరసగా కూర్చున్నారు. నోర్బు వేలితో కొంచెం అద్దుకుని నాలుకకి రాసుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తర్వాత ముద్దంతా తిన్నాడు. చాలారోజులకి ఆ ముసలిమొహానికి చెమట పట్టింది.

పానకాలు మాత్రం రెండు ముద్దలు తిని, గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

“ఇది మా ఊరి పులుపు కాదు గురువుగారూ,” అన్నాడు చివరికి.

తెన్పాగారు గిన్నె అంచు వేలితో తుడుచుకుని నాకారు.

“కాదు,” అన్నారు. “ఇది ఈ ఊరిది.”

నోర్బు గిన్నె మళ్లీ ముందుకి చాపాడు. పానకాలు లేచి వడ్డించాడు.