నల్లగొడుగు కాపలా

“డాబా మీద పెట్టిన వడియాల్ని కాకులు ఎత్తుకుపోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలర్రా?”

హైమావతి టీచరుగారు వసారాలో మనవలిద్దరినీ కూర్చోబెట్టుకుని అడుగుతున్న ఈ మాట, గేటు దగ్గరికి వచ్చిన గోవర్ధన్ చెవిన పడింది. ఆ గొంతు వినగానే నలభై దాటిన గోవర్ధన్ తనకు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు. తొమ్మిదో తరగతిలో సైన్సు చెప్పింది ఆవిడే. పదవీ విరమణ చేసి పదేళ్లయినా, ఏ సంగతినైనా ముందు ప్రశ్నగా మారిస్తే గాని ఆవిడకి తోచదు.

“నల్లగొడుగు తెరిచి పెట్టాలి అమ్మమ్మా. ఎదురింటివాళ్లు అలాగే పెట్టారు,” అంది ఎనిమిదేళ్ల లాస్య.

“పెడితే రావా?”

“రావట. వాళ్లే చెప్పారు,” అన్నాడు వాళ్లన్న విహాన్.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవి అది. బళ్లు మూసెయ్యడంతో పిల్లలు చీరాలలో అమ్మమ్మ దగ్గరే ఉండిపోయారు. గోవర్ధన్ మాస్కు పైకి లాక్కుని గేటవతలే నిలబడ్డాడు. “టీచరుగారూ, మీ పెరట్లో వావిలాకు నాలుగు రెబ్బలు కోసుకుంటానండీ. అమ్మకి కషాయం కాయాలి,” అన్నాడు.

“సీతారావమ్మగారికి ఎలా ఉందిరా?”

“నాలుగు రోజులుగా జ్వరమండీ. ఇందాక ఏఎన్‌ఎం సిస్టరుగారు వచ్చి వేలికి ఆ క్లిప్పు పెట్టి చూశారు. ఆక్సిజన్ తొంభై ఒకటే ఉందిట. ఆస్పత్రిలో మంచం ఖాళీ అయింది, మధ్యాహ్నంలోగా చేర్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు అన్నారు. ఆస్పత్రికి పోయినవాళ్ల సంగతులు మీరూ వింటున్నారు కదా. పంపడానికి నాకు మనసు రావడం లేదండీ. రెండ్రోజులు నా కషాయమే పోసి చూస్తాను.”

‘నా కషాయం’ అనడంలో అబద్ధం లేదు. కిందటేడు జబ్బు తనకే వచ్చినప్పుడు, ఎవరో ఫోనుకి పంపిన ఆ కషాయాన్ని అతను పద్నాలుగు రోజులు తాగాడు. లేచి తిరిగాడు. ఆ కృతజ్ఞతతో, ‘నన్ను బతికించిన కషాయం’ అని పైన పెద్దక్షరాలతో కొట్టించి, తన జిరాక్సు కొట్టులోనే మూడొందల కాపీలు తీసి ఊరికే పంచాడు. ఆధారు కార్డు కాపీకి వచ్చినవాళ్ల చేతిలో కూడా ఒకటి పెట్టి పంపాడు.

“నీ కాగితం మా ఇంట్లోనూ ఉందిలే. వెనకవైపు లాస్య నెమలిని వేసింది,” అన్నారు టీచరుగారు.

గోవర్ధన్ నవ్వలేదు. “మీరు నమ్మరని తెలుసండీ. కానీ నేను తాగాను, బతికాను. కళ్లారా చూసింది అబద్ధం ఎలా అవుతుంది?”

తరగతిలోనూ ఆవిడ ఎవరితోనూ ‘తప్పు’ అనేవారు కాదు. గేటు పక్కనున్న అరుగు చూపించి, “అక్కడ కూర్చో. పది నిమిషాల్లో వావిలాకు ఎక్కడికీ పోదు. పిల్లలకి చెప్పబోతున్న సంగతే నువ్వూ విని పో,” అన్నారు. గోవర్ధన్ ఫోనులో టైము చూసుకున్నాడు. పదిన్నర. ఇంట్లో అమ్మ బోర్లా పడుకుని ఎగశ్వాస తీస్తున్న చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. అయినా కూర్చున్నాడు.

“బాపట్లలో పనిచేసే రోజులు. అద్దె ఇల్లు, పైన విశాలమైన డాబా. ఓ వేసవిలో వడియాలు పెట్టి, బడికి పోతూ పోతూ మీ తాతగారి నల్లగొడుగు తెరిచి కర్రకి కట్టి మధ్యలో నిలబెట్టాను. సాయంత్రం వచ్చి చూస్తే ఒక్క వడియం పోలేదు. మర్నాడూ పోలేదు. పది రోజులు అంతే. ఇక నేను ఊరుకుంటానా? మూడోరోజుకే స్టాఫురూములో అందరికీ చెప్పాను. సైన్సు టీచరు చెప్పింది కదా అని ఆరుగురు ఆరు గొడుగులు పెట్టారు. ఆరిళ్లలోనూ కాకులు పండగ చేసుకున్నాయి.”

“నువ్వు దొరికిపోయావు,” అంది లాస్య.

“దొరికితే ఒప్పుకుంటానా? లెక్కల టీచరుతో, ‘మీ గొడుగు పాతది, నలుపు వెలిసింది’ అన్నాను. తెలుగు మేష్టారితో, ‘మీరు పెట్టడం ఆలస్యం చేసుంటారు, సూర్యుడు రాకముందే పెట్టాలి’ అన్నాను. ఇంకొకావిడతో, ‘నమ్మకం లేకుండా పెట్టుంటారు’ అన్నాను. ఆ రూలు నాకు అప్పటికప్పుడు పుట్టింది.”

గోవర్ధన్ తల వంచుకున్నాడు. కిందటి నెలలో కషాయం తాగీ మంచం పట్టిన ఫ్యాన్సీ కొట్టు షరీఫ్‌తో, ‘పరగడుపున తాగి ఉండవు’ అన్నది తనే.

“ఆ పదకొండో రోజున, దిద్దాల్సిన పేపర్ల కట్ట ఇంట్లో మర్చిపోయి పదకొండింటికే వెనక్కొచ్చాను. పనిలో పని వడియాలు చూద్దామని డాబా ఎక్కాను. గొడుగు కొస మీద ఒక కాకి కూర్చుని ముక్కు రుద్దుకుంటోంది. ఇంతలో పక్క డాబా మీంచి ‘హుష్’ మని ఒక గొంతు. చూస్తే నీళ్లటాంకు నీడలో మస్తానమ్మ. పక్కింటివాళ్ల అత్తగారు. ముందు చింతపండు గుట్ట, గింజలు తీసుకుంటోంది. పక్కన బట్టలారేసే పొడుగాటి కర్ర. అక్కడ కూర్చునే ఆ కర్రతో పిట్టగోడ మీద ఒక్క దెబ్బ వేసింది. కాకి ఎగిరిపోయింది.

‘మామ్మా, ఎన్నాళ్లనుంచి తోలుతున్నావు?’ అన్నాను. ‘నువ్వు పెట్టిన రోజునుంచీ. నువ్వేమో గొడుక్కి అప్పజెప్పి పోతివి, అది లేచి తోలుద్దా?’ అంది. ‘మరి ఒక్కమాట చెప్పలేదేం?’ అంటే, ‘ఎటూ చింతపండు కాడ కూర్చునేదాన్నే కదమ్మా, చెప్పేదేముంది?’ అంది.

ఆ పది రోజుల్లో స్టాఫురూములో అందరికీ వడియాలు వేయించి పట్టుకెళ్లి పెట్టాను. గొడుగుని తుడిచి, మడిచి, జాగ్రత్తగా బీరువాలో పెట్టుకునేదాన్ని. పక్క డాబాకి ఒక్క వడియం పోలేదు. సాయంత్రం పళ్లెంనిండా వేయించి పట్టుకెళ్లాను. ఒకటి కొరికి, ‘ఉప్పెక్కువైంది’ అంది.”

పిల్లలు నవ్వారు. విహాన్‌కి ఇంకా ఒక సందేహం మిగిలింది. “మరి గొడుగు ఏం చేసింది అమ్మమ్మా?”

“ఎండలో నిలబడింది,” అన్నారు ఆవిడ. అని గేటువైపు తిరిగి మామూలుగా అడిగారు. “కిందటేడు నువ్వు గదిలో పడుకున్న పద్నాలుగు రోజులూ మీ వాకిట్లోకి ఎవరొచ్చారురా గోవర్ధనూ?”

గోవర్ధన్‌కి కిందటేటి ఆ గది గుర్తొచ్చింది. వాకిట్లో చెప్పుల చప్పుడు. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి. మూతికీ ముక్కుకీ రెండు మాస్కులు, పైన కళ్లద్దాలకి పట్టిన ఆవిరి. ఎస్తేరు రాణి సిస్టరు కిటికీ ఊచల్లోంచి క్లిప్పు లోపలికి చాపి, ‘వేలు పెట్టండి’ అనేది. ‘తొంభై ఆరు. బోర్లా పడుకోండి. మాత్ర వేసుకున్నారా? ఏదీ, ఖాళీ అట్ట చూపించండి.’ ఏడోరోజు తొంభై మూడు వస్తే ఆమె వెళ్లిపోలేదు. వాకిట్లో మెట్టు మీద కూర్చుని, అరగంట ఆగి మళ్లీ చూసి, తొంభై అయిదు వచ్చాకే లేచింది. ఆ మెట్టు మీద ఎండ ఎలా కాసేదో అతనికి తెలుసు. అమ్మ మంచినీళ్లు ఇవ్వబోతే, మాస్కు తియ్యకూడదని తాగలేదు కూడా.

మూడొందల కాగితాలు కొట్టించాడు. ఒక్క కాగితం మీదా ఆమె పేరు లేదు. ఇవాళ పొద్దున అదే మనిషి అదే క్లిప్పు చూసి చెప్పిన మాటకి, ‘చూద్దాంలెండి’ అని తలుపు వేసుకున్నాడు.

అరుగు మీంచి లేచి ఫోను తీశాడు. “సిస్టరుగారూ, గోవర్ధన్‌నండీ. ఆ మంచం ఇంకా ఉందా? ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి, అమ్మని తీసుకొచ్చేస్తున్నాను,” అంటూ వీధి వెంట పరుగులాంటి నడకతో పోయాడు. వావిలాకు సంగతి అతనికి గుర్తులేదు. టీచరుగారూ గుర్తు చెయ్యలేదు.

సీతారావమ్మగారు తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. అయిదోరోజున ఆశ వదులుకున్నంత పనైంది. పన్నెండోరోజున, ఎవరూ పట్టుకోకుండా తనంతట తనే ఆటో దిగి, “వాకిలి ఎన్నాళ్లయిందిరా ఊడ్చి?” అని కొడుకుని కోప్పడ్డారు. ఆ కోపం విని గోవర్ధన్‌కి కళ్లనీళ్లు ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే బుట్టనిండా బంగినపల్లి మామిడిపళ్లతో టీచరుగారింటికి వచ్చాడు. ఆవిడ అట్లకాడ చేతబట్టుకుని మెట్ల దగ్గర ఉన్నారు; అవి రెండో విడత వడియాలు. బుట్ట అరుగు మీద పెట్టి, దూరంనుంచే వంగి నేలకి దండం పెట్టాడు. 

“టీచరుగారూ, మా అమ్మని నిలబెట్టింది మీరు చెప్పిన ఆ వడియాల కథేనండీ. ఆ మూడొందల కాగితాలూ ఇచ్చినవాళ్ల దగ్గరికల్లా వెళ్లి, అది కాదని చెప్పొస్తాను. దాని బదులు మీ కథ కొట్టిస్తాను. అయిదొందల కాపీలు. పైన మీ పేరు పెద్దక్షరాలతో.”

ఆవిడ అతన్ని కొడుకుని చూసినంత ఆపేక్షగా చూశారు. తరవాత బుట్టవైపు చూశారు.

“పళ్లు మంచివి తెచ్చావు. తీసుకెళ్లవలసిన ఇల్లు ఇది కాదు. మళ్లీ గొడుగు దగ్గరే ఆగిపోయావేంరా,” అన్నారు. రెండు మెట్లెక్కి, వెనక్కి తిరక్కుండానే అన్నారు: “సిస్టరు ఎనిమిదింటికల్లా డ్యూటీకి పోతుంది. నే పైకి పోవాలి, వడియాలు ఒకవైపే ఎండాయి.”