వరహాలయ్య చూపిన పని

ఎప్పటి మాటో మన తాతల తాతలకే తెలియదు గానీ, మేఘవరం అనే రాజ్యంలో వరహాలయ్య అని ఒకడుండేవాడు. పని లేనివాళ్లకు పని కుదర్చడం అతని వృత్తి. అందుకు రాజుగారి ముద్ర కూడా సంపాదించాడు.

ఒక ఏడు వానలు పడలేదు. బుట్టలల్లే ఎర్రక్క ఇంట్లో వెదురూ లేదు, గింజా లేదు. ఆమె భర్త పుల్లన్న పని కోసం వరహాలయ్య దగ్గరికి వెళ్లాడు. కోటలో పూలతోట పని ఉందనీ, నీడపట్టున ఉండొచ్చనీ వరహాలయ్య నమ్మబలికాడు. ఎర్రక్క చేతి వెండి కడియాలు పుచ్చుకుని పుల్లన్నను బండెక్కించాడు.

వెళ్లినవాడి కబురు లేదు. ఎర్రక్క అడగబోయింది. మొదటిసారి వరహాలయ్య నవ్వి, సుఖంగా ఉన్నాడులే అన్నాడు. రెండోసారి గుమ్మం బయటే నిలబెట్టాడు. మూడోసారి నౌకర్ల చేత గెంటించాడు.

ఎర్రక్కకు ఒళ్లు మండిపోయింది. బండి వెళ్లిన దారినే నడిచి వెళ్లింది. ఆ దారి సున్నపు బట్టీకి పోయింది. అక్కడ పుల్లన్న తడుముకుంటూ రాళ్లు మోస్తున్నాడు. వేడి సున్నం పడి కళ్లు రెండూ పోయాయి. ఆమె అతన్ని తీసుకుపోతుంటే, గుడ్డివాడు ఇంకెందుకని కాపలావాళ్లు కూడా అడ్డం చెప్పలేదు. ఎర్రక్క అతని చెయ్యి పట్టుకుని తిన్నగా రాజసభకు తీసుకొచ్చింది.

"మీ ముద్ర చూసే నమ్మాం మహారాజా" అంది.

రాజు తల దించుకున్నాడు. వరహాలయ్యను పిలిపించాడు. పని చూపడం వరకే తన వంతనీ, అయినా అది మంచి చోటేననీ వరహాలయ్య చెప్పుకొచ్చాడు.

"ఈ వరహాలయ్యకు ఎదిగిన కొడుకున్నాడు, వాడికి పనీపాటా లేదు" అంది ఎర్రక్క. "అంత మంచి చోటైతే రేపే వాణ్ణి పంపమనండి."

రాజు బండి కట్టమన్నాడు. వరహాలయ్య చేతులు జోడించాడు.

"వద్దు ప్రభూ, వాడి కళ్లు పోతాయి" అనేశాడు.



"నీ కొడుకనేసరికి తెలిసిందా? మరి నా మొగుడికి ఎందుకు చెప్పలేదు?" అంది ఎర్రక్క.



రాజు ముద్ర లాక్కుని వరహాలయ్యను చెరలో వేయించాడు. అతని ఆస్తి పుల్లన్న పోషణకు రాసిచ్చాడు. బట్టీలో చిక్కినవాళ్లను ఇళ్లకు చేర్పించాడు. ఇకమీదట పని కుదిర్చేవాడు ముందు తానే వెళ్లి ఆ చోటు చూడాలనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనీ, పని అడిగినవాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదనీ, పంపాక వాళ్ల బాగోగులు కనుక్కోవాలనీ చాటింపు వేయించాడు.

భటులు చెరకు తీసుకుపోబోతుంటే వరహాలయ్య ఎర్రక్క కాళ్ల మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"కళ్లు పోయింది ఆయనకి. ఆయన్నే అడుగు."

పుల్లన్న మొహం తిప్పుకున్నాడు. చాటింపు విని ఊరంతా సంబరపడింది గానీ, భర్తను నడిపించుకుంటూ ఇంటికెళ్లే ఎర్రక్క కోపం మాత్రం చల్లారలేదు.

బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాడికి పని చూపేవాడు, తన కన్నబిడ్డను పంపలేని చోటికి ఎవరి బిడ్డనూ పంపకూడదు.